అమ్ముగూడ బలరాం

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్ళే లోకల్ ట్రైన్‌లో మల్కాజిగిరి, సఫిల్‌గూడ దాటాక అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. దిగేవాళ్ళు దిగుతారు, రైలు కదిలిపోతుంది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో రెండు గోల్స్ కొట్టిన మనిషి పుట్టిన ఊరు ఇదే అని చెప్పే బోర్డు ఏదీ నా కంటికి తగల్లేదు. తులసీదాస్ బలరాం అని పేరు చెబితే ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు "ఎవరు సార్? యాక్టరా?" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. చెప్పేవాళ్ళుంటే కదా తెలిసేది!

నేను ఒకప్పుడు ఒక ఆఫీసు టీముకి రైట్ ఔట్, అంటే ముందు వరసలో కుడి అంచున, ఆడినవాణ్ణి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. పొద్దున ప్రాక్టీసు, పదింటికి సంతకం, మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే పర్మిషన్. మోకాలు మొరాయించాక ఆట మానేశాను, టీము మీద మోజు తగ్గాక ఆఫీసు కూడా టీముని మానేసింది. ఇప్పుడు రిటైరై, పొద్దున పూట ఒక స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఈమధ్య ఓ పిల్లవాడి నాన్నగారు చాలా మర్యాదగానే అడిగారు: "మన దగ్గర ఎప్పుడూ క్రికెట్టే కదండీ, ఫుట్‌బాల్ ఎప్పుడుంది అసలు?" అని. ఆయనకు నిలబడి చెప్పడానికి టైం చాల్లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బలరాం గారు 1936లో పుట్టారు. తమిళ కుటుంబం, పేద ఇల్లు. అమ్ముగూడ, బొల్లారం, తిరుమలగిరి, ఈ పక్కంతా కంటోన్మెంట్. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి మిలిటరీ గ్రౌండ్లకు కొదవలేదు. జవాన్లు సాయంత్రం ఆడుతుంటే ఊళ్ళో పిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు, బంతి బయటకొస్తే తన్ని లోపలికి పంపేవాళ్ళు. సికింద్రాబాద్ పక్క చాలామంది ఆట నేర్చుకున్నది అలాగే. కోచింగ్ క్యాంపులేవీ లేవు. ఆ గట్టే క్యాంపు.

ఆయన బూట్ల కథ ఫుట్‌బాల్ వాళ్ళకు తెలిసిందే, బయటివాళ్ళకు తెలీదు. కొత్త బూట్లు కొనే స్తోమత లేదు. ఎవరో వాడి పారేసిన పాత బూట్లు పట్టుకుని చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి, వీటినే ఫుట్‌బాల్ బూట్లుగా చేసివ్వమన్నారు. రెండు రూపాయలు అవుతుందన్నాడు. ఆ రెండు రూపాయలూ అమ్మని అడిగి తెచ్చుకున్నారు. అరిగిపోయిన అడుగుకు ముక్కలు కొట్టి స్టడ్స్ చేయించుకోవడం ఆ రోజుల్లో కొత్త కాదు. మా సీనియర్లు కూడా అలాంటి బూట్లతో ఆడినవాళ్ళే. మేకు లోపలికి దిగితే హాఫ్ టైమ్‌లో రాయి పెట్టి కొట్టుకునేవాళ్ళమని చెప్పేవారు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో కొందరి బూట్ల ఖరీదు మా ఇంటి నెల సరుకులకు సరిపోతుంది. కాళ్ళు మాత్రం పాతవే!

ఆ కుర్రాణ్ణి పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. మన రహీం సాబ్.

రహీం సాబ్ గురించి ఈమధ్య ఓ హిందీ సినిమా వచ్చింది కాబట్టి పేరు కొంతమందికైనా తెలిసింది. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. ఐదేళ్ళు వరుసగా! అప్పట్లో దేశం మొత్తం మీద అది పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. 1951 ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి బంగారు పతకం వచ్చినప్పుడు కోచ్ ఆయనే. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పది గోల్స్ తిన్నప్పుడూ కోచ్ ఆయనే. మన ఆటగాళ్ళలో చాలామంది అక్కడ బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓడిపోయి ఇంటికొచ్చి కూర్చోకుండా, యూరప్ వాళ్ళు ఎలా ఆడుతున్నారో చూసి, మన జట్టు ఆడే పద్ధతినే మార్చేశారు.

సికింద్రాబాద్‌లో బలరాం ఆట చూసి, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ సెలక్షన్లకు హైదరాబాద్ రమ్మన్నారు రహీం. అమ్ముగూడ నుంచి రోజూ అంత దూరం రావడానికి చేతిలో డబ్బుల్లేవని కుర్రాడు అంటే, సైకిల్ ఏర్పాటు చేసిందీ ఆయనే. ఇది చదివేవాళ్ళకు చిన్న విషయం అనిపిస్తుంది. కోచింగ్‌లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది ఇదెంత పెద్ద విషయమో. బాగా ఆడే పిల్లవాడు రెండ్రోజులు రాకపోతే "సీరియస్‌నెస్ లేదు" అని పేరు కొట్టేయడం తేలిక. ఎందుకు రాలేదో కనుక్కోవడం కష్టం. కనుక్కున్నాక దానికి ఏదో ఒకటి చేయడం ఇంకా కష్టం.

రహీం సాబ్ పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఒకటుంది. కుర్రాళ్ళకు ఆయన వింత టోర్నమెంట్లు పెట్టించేవారు. ఒకదాన్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. ఇంకోదాన్లో చేతకాని కాలుతోనే ఆడాలి. కుడి కాలు వాటం ఉన్నవాడు ఎడమతో, ఎడమ వాటం ఉన్నవాడు కుడితో. నేను వారానికోసారి నా పిల్లలతో ఈ ఆట ఆడిస్తాను. వాటం కాలు బంతికి తగిలితే అవతలి వాళ్ళకు ఫ్రీ కిక్.

మా దగ్గర ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడు. కుడి కాలికి బంతిని దారంతో కట్టుకున్నట్టు తిప్పుతాడు. మామూలు రోజు ముగ్గుర్ని దాటించి గోల్ కొట్టి, చొక్కా ఎగరేస్తాడు. ఎడమ కాలు ఆట రోజు వాణ్ణి చూడాలి. బంతి ఎడమ పక్కకొచ్చిందంటే చుట్టూ తిరిగి కుడి పక్కకు తెచ్చుకోవాలని చూస్తాడు, అంతలో ఎవడో వచ్చి లాక్కుపోతాడు. ఇంకోసారి కోపంగా ఎడమ బొటనవేలితో పొడుస్తాడు, బంతి పక్కకు దొర్లి లైన్ దాటుతుంది, వీడు వెల్లకిలా పడతాడు. మిగతావాళ్ళకు నవ్వు. "సార్, ఇది ఫుట్‌బాలే కాదు సార్!" అని నా మీద కేక. సగం ఆట అయ్యేసరికి మాత్రం ఒక మార్పు వస్తుంది. బంతిని ఆపుతాడు. తలెత్తుతాడు. దగ్గర్లో ఎవడున్నాడో చూసి, ఎడమ పాదం లోపలి పక్కతో మెల్లగా వాడి కాళ్ళ దగ్గరికి తోస్తాడు. షాట్ కొట్టలేడు కాబట్టి పాస్ ఇవ్వక తప్పదు, పాస్ ఇవ్వాలంటే తలెత్తి చూడక తప్పదు. రహీం సాబ్ పెట్టిన రూలు కాలికి, పని మాత్రం కళ్ళకి.

బలరాం ఆటలో గొప్పతనం సరిగ్గా అదేనని ఆయన్ను చూసినవాళ్ళంతా అంటారు. బంతి మీద పట్టు ఉంది, గోల్ కొట్టే కాలు ఉంది, వాటికన్నా ముందు చూపు ఉంది. లెఫ్ట్ ఔట్ పెడితే ఆడేవారు, ఇన్‌సైడ్ ఫార్వర్డ్ పెడితే ఆడేవారు, సెంటర్ ఫార్వర్డ్ లేకపోతే అక్కడా ఆడేవారు. ఒకటే తెలిసినవాడు జట్టుకు అలంకారం. అన్నీ తెలిసినవాడు కోచ్‌కు ధైర్యం. అప్పటి ఇండియా ముందు వరసలో ముగ్గురి పేర్లు కలిపే చెప్పేవారు: పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. బెంగాల్ నుంచి ఆడుతూ దేశమంతా పేరు తెచ్చుకున్న ఇద్దరి పక్కన మన అమ్ముగూడ మనిషి.

1956లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఏడాది బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను ఓడించి, సెమీఫైనల్ ఆడి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టు అది. మన దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకన్నా పైకి ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు ఒక గుంపే ఉన్నారు: అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్... ఇప్పుడు మన రెండు రాష్ట్రాల నుంచి ఒక్కడు ఇండియా క్యాంపుకు పిలుపు అందుకున్నా వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు అభినందనలే.

1957లో బలరాం కలకత్తా వెళ్ళిపోయారు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు. అప్పట్లో ఆట మీద బతకాలనుకున్న ఎవరికైనా దారి అటే. అక్కడ మైదాన్‌లో మ్యాచ్ ఉందంటే ఊరంతా కదులుతుంది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ గొడవ ఇళ్ళలో భార్యాభర్తల మధ్య కూడా నడుస్తుంది. గెలిస్తే భుజాల మీద, ఓడితే ఇటుకరాళ్ళు. ఆ టెన్షన్‌లో ఆరు సీజన్లు నిలబడటం మామూలు సంగతి కాదు. 1961లో ఆయనే కెప్టెన్. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది, అక్కడి మరో పెద్ద టోర్నమెంట్ ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకుంది. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కెప్టెన్‌వే, 23. బెంగాల్ తరఫున సంతోష్ ట్రోఫీ కూడా గెలిచారు.

ఇక రోమ్. 1960 ఒలింపిక్స్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఇప్పుడైతే ఆ పేర్లు వినగానే టీవీ కట్టేసి పడుకుంటాం. మొదటి మ్యాచ్ హంగరీతో. వాళ్ళ ముందు వరసలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, ఆ తర్వాత 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నవాడు. హంగరీ రెండు కొట్టింది. 79వ నిమిషంలో బలరాం ఒకటి కొట్టారు. 2-1తో ఓడాం. తర్వాత ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ పి.కె.ది. పెరూతో 3-1తో ఓడిపోయాం, ఆ ఒక్క గోల్ మళ్ళీ బలరాందే. మూడు మ్యాచ్‌లలో మన దేశం కొట్టినవి మూడు గోల్స్, అందులో రెండు అమ్ముగూడవి. ఒలింపిక్స్‌లో ఇండియా ఫుట్‌బాల్ ఆడటం అదే ఆఖరు. అంటే, ఇండియా తరఫున ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా ఆఖరి గోల్ కొట్టిన మనిషి ఆయనే. ఈ మాట పిల్లలకు చెబితే ముందు నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకుని నమ్మారు.

నాకు మాత్రం రోమ్ కన్నా జకార్తా గురించి ఎక్కువ చెప్పాలని ఉంటుంది. 1962 ఏషియన్ గేమ్స్. రహీం సాబ్‌కు అప్పటికే ఒంట్లో బాగోలేదు. క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1. ఆ మ్యాచ్‌లో మన స్టాపర్ బ్యాక్, అంటే గోల్ ముందు అడ్డుగా నిలబడే డిఫెండర్, జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0, ఒక గోల్ పి.కె., ఒకటి బలరాం. సెమీఫైనల్ వచ్చేసరికి రహీం చేసిన పని చూడండి. తల్లో కుట్లున్న స్టాపర్ బ్యాక్‌ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. బంతిని తలతో కొట్టాల్సిన చోట, తలకు దెబ్బ తగిలినవాణ్ణి! సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టారు, ఫైనల్లోనూ కొట్టారు.

ఫైనల్ మళ్ళీ కొరియాతోనే. సెప్టెంబర్ 4. గేమ్స్‌కు ఇజ్రాయెల్, తైవాన్ వాళ్ళను రానివ్వలేదని మన అధికారి సోంధీ గట్టిగా అడిగినందుకు ఇండోనేషియా వాళ్ళు మన మీద మండిపడుతున్నారు. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. మన కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళట. మన దేశాల మధ్య ఆ ముచ్చట కూడా ఒకటి జరిగింది మరి! మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. కొరియా ఆఖర్లో ఒకటి కొట్టింది కానీ అప్పటికే ఆలస్యమైంది. 2-1. బంగారం.

ఆ జట్టులో ముందు వరస ఇది: పి.కె., యూసుఫ్ ఖాన్, జర్నైల్, చునీ, బలరాం. ఐదుగురిలో ఇద్దరు మనవాళ్ళు. ఫైనల్ స్కోరుకార్డులో బలరాం పేరు ఉండదు. లెఫ్ట్ ఔట్ వాడి బతుకు అంతే. లైన్ వెంబడి పరిగెత్తి, ఇద్దరు డిఫెండర్లను తన మీదకు లాక్కుని, లోపల ఉన్నవాడికి ఖాళీ చేసి పెడితే గోల్ పేరు వాడిది. రైట్ ఔట్ ఆడినవాణ్ణి కాబట్టి ఈ బాధ నాకు తెలుసు. పైగా నడుమన ఒక స్టాపర్ బ్యాక్ ఫార్వర్డ్‌గా నిలబడి ఉన్నప్పుడు, పక్కన ఆడేవాళ్ళు తమ ఆట మొత్తం సర్దుకోవాలి. ఏ చోట పెట్టినా ఆడగలిగిన మనిషి విలువ తెలిసేది అలాంటప్పుడే. ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది ఆయనకు.

1963. జూన్ 11న రహీం సాబ్ పోయారు. అదే ఏడాది బలరాం ఆట కూడా ఆగిపోయింది. ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు వెళ్ళారు, బీఎన్ఆర్ అంటారు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏళ్ళ వయసులో ఇక ఆడొద్దన్నారు డాక్టర్లు. ఇప్పటి ఆటగాళ్ళకు 27 అంటే మంచి కాలం మొదలైనట్టు. నా మోకాలు పోయినప్పుడు నాకు అంతకన్నా ఎక్కువే వయసు, అయినా కొన్నాళ్ళు గ్రౌండ్ వైపు పోబుద్ధి కాలేదు, సాయంత్రం విజిల్ వినపడితే కిటికీ వేసేసుకునేవాణ్ణి. ఏషియా బంగారం గెలిచిన ఏడాదికే ఆ మనిషికి ఆట పోయింది. నేర్పిన గురువు కూడా లేడు.

ముగ్గురు మొనగాళ్ళ తర్వాతి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పి.కె. పేరుమోసిన కోచ్ అయ్యారు. 1970ల్లో ఈస్ట్ బెంగాల్‌కు, తర్వాత మోహన్ బగాన్‌కు. 1977లో పీలే తన న్యూయార్క్ క్లబ్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి మోహన్ బగాన్‌తో ఆడితే, 2-2తో డ్రా చేసిన జట్టు పి.కె.దే. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన మాటలకు కుంటివాడు లేచి పరిగెత్తేవాడని చెప్పుకుంటారు. చునీ గోస్వామి క్రికెట్ కూడా ఆడి బెంగాల్ రంజీ జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, చునీకి 1983లో, పి.కె.కు 1990లో. బలరాం రైల్వే ఉద్యోగం చేసుకుంటూ బీఎన్ఆర్ జట్టుకు కోచింగ్ ఇచ్చారు, తర్వాత కలకత్తా మేయర్స్ జట్టు పేరుతో నడిచిన కుర్రాళ్ళ టీముకు ఆట నేర్పారు. జాతీయ సెలెక్టర్‌గా కూడా పనిచేశారు. పద్మ రాలేదు.

పిల్లల కోచ్ గురించి ఎవరూ రాయరు. పెద్ద జట్టు కోచ్‌కు కప్పులుంటాయి, తేదీలుంటాయి, పేపర్లో ఫోటోలుంటాయి. పన్నెండేళ్ళ పిల్లవాడికి బంతి ఆపడం నేర్పినవాడికి ఏముంటుంది? ఆ పిల్లవాడు పెద్దవాడై ఎక్కడో గోల్ కొడితే, ఆ గోల్ నాటి కోచ్ పేరు పడుతుంది. ఇది నా ఏడుపు అనుకునేరు, కాదు. ఆ పనిలో ఒక సుఖం ఉంది, చేసినవాళ్ళకు తెలుస్తుంది. నా ప్రశ్న వేరే. రహీం సాబ్ చేతిలో తయారైన మనిషి, ఎడమ కాలు ఆట ఆడి పెరిగిన తరం మనిషి, ఆ విద్యను పంచిపెట్టింది హుగ్లీ ఒడ్డున. అమ్ముగూడలో కాదు. ఎందుకని?

బలరాం ఒక్కరే కాదు. సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. 1970 ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం గెలిచిన జట్టుకు కెప్టెన్. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరండ్ కప్, రోవర్స్ కప్ మూడూ ఒకే ఏడాది గెలిపించారు. ఫుట్‌బాల్‌లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదట అందుకున్నది ఆయనే. ఇండియాకు కోచ్, ఢాకా వెళ్ళి బంగ్లాదేశ్‌కూ కోచ్. మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ, పీలే ఆడిన ఆ కాస్మోస్ మ్యాచ్‌లో గోల్ కొట్టిన మనిషి. పిల్లలకు కోచింగ్ ఇచ్చింది జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో. షబ్బీర్ అలీ హైదరాబాదీ. 1974లో బ్యాంకాక్‌లో ఏషియన్ యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న జట్టుకు కెప్టెన్. కోచ్‌గా 1998-99లో నేషనల్ లీగ్ గెలిపించింది గోవా సల్గావ్‌కర్ జట్టుకు. లెక్క చూడండి. కలకత్తా, ఢాకా, జంషెడ్‌పూర్, గోవా. ఆటగాళ్ళను తయారుచేసింది మన ఊరు, కోచ్‌లుగా వాడుకున్నది ఇతరులు.

కారణాలు నాకు తెలిసినంతలో పెద్ద రహస్యమేమీ కాదు. అక్కడ క్లబ్బులున్నాయి, టికెట్ కొని చూసే జనం ఉన్నారు, కాబట్టి కోచ్‌కు జీతం ఉంది. ఇక్కడ ఆట మొత్తం ఆఫీసు జట్ల మీద నడిచింది. పోలీసు, రైల్వే, బ్యాంకులు, కంపెనీలు. ఆఫీసు జట్టుకు కోచ్ అంటే ఇంకో ఉద్యోగి, అంతే. సాయంత్రం వచ్చి విజిల్ ఊది వెళ్ళేవాడు. రిక్రూట్‌మెంట్ ఆగిపోతే జట్టు ముసలిదైపోతుంది, ముసలిదైతే ఓడుతుంది, ఓడితే "ఎందుకీ దండగ" అంటారు. మా టీము పోయింది అచ్చం ఇలాగే. ఆఖరి మ్యాచ్ అని కూడా మాకు తెలీదు, మరుసటి సీజన్‌కు ఫారం నింపలేదు అంతే. జెర్సీలు స్టోర్ రూంలో మూట కట్టి ఉంటే, నాది ఒకటి తీసుకొచ్చుకున్నాను. ఇప్పుడది బండి తుడవడానికి పనికొస్తోంది.

జట్లు పోతే గ్రౌండ్లు పోతాయి. ఖాళీగా కనపడిన చోటల్లా క్రికెట్ నెట్స్ వెలిశాయి, కాకపోతే ఫంక్షన్ హాల్. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) వచ్చాక హైదరాబాద్ పేరుతో క్లబ్ వచ్చింది, 2021-22 సీజన్ కప్పు కూడా గెలిచింది. మా పిల్లలతో కలిసి ఎగిరి గంతేశాం. కొన్నేళ్ళకే ఆ జట్టు చేతులు మారి ఢిల్లీ వెళ్ళిపోయింది. సొంత ఊరి పిల్లలతో వేళ్ళు దిగని చెట్టును పీకి పట్టుకెళ్ళడం ఎంతసేపు!

బలరాం గారు చివరిదాకా ఉత్తరపాడాలో ఉన్నారు. కలకత్తా పక్కన, హుగ్లీ ఒడ్డున. పెళ్ళి చేసుకోలేదు. ఫుట్‌బాల్ నడిపే పెద్దమనుషుల మీద ఆయనకు కోపం ఉండేది, దాచుకోలేదు కూడా. అడిగిన విలేకర్లకు ముఖం మీదే చెప్పేవారు. కొంతమందికి అది చాదస్తంగా అనిపించింది. నాకైతే అనిపించలేదు. ఆడినంత కాలం ఎవరికి కావాలంటే వాళ్ళకు బంతి అందించిన మనిషి, తనకు రావాల్సింది రాలేదని అడిగితే తప్పేముంది? పి.కె., చునీ ఇద్దరూ 2020లో నెలన్నర తేడాలో పోయారు. బలరాం గారు 2023 ఫిబ్రవరి 16న పోయారు. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో పోయారు. హబీబ్ వార్త మన పేపర్లలో కాస్త కనపడింది. బలరాం వార్త నేను చూసిన పేపర్లో స్పోర్ట్స్ పేజీ అడుగున చిన్న ముక్క.

నన్ను అడిగిన ఆ నాన్నగారికి ఇదీ జవాబు. మన దగ్గర ఫుట్‌బాల్ ఉంది సార్, బాగానే ఉండేది. ఆడినవాళ్ళకు ఇక్కడ నేర్పే చోటు దొరక్క, నేర్పు వేరే ఊళ్ళకు పోయింది.

ఇంకొక్క సంగతి నన్ను తొలుస్తూ ఉంటుంది. ఇప్పుడు అమ్ముగూడలో అలాంటి కుర్రాడు ఒకడు ఉన్నాడనుకుందాం. వాడు నా దాకా ఎలా వస్తాడు? అకాడమీలకు ఫీజు, ట్రయల్స్‌కు ఫీజు, కిట్‌కు ఫీజు. మా స్కూల్ గ్రౌండ్‌లో ఫీజు లేదు కానీ స్కూల్ ఐడీ కార్డు ఉంటేనే వాచ్‌మన్ గేటు తీస్తాడు. అంటే మేం వెతుకుతున్నది డబ్బున్న ఇళ్ళలో పుట్టిన బలరాంలను. అందుకే ఈమధ్య హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి, శనివారాలు బయటి పిల్లల్ని కూడా రానివ్వమని ఒప్పించాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, పేర్లు రాసిన రిజిస్టర్ ఉండాలని. రిజిస్టర్ కొన్నాను. పోయిన వారం లాల్‌బజార్ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, చెప్పుల్లేవు. చిన్నవాడికి ఎడమ కాలు వాటం. వాళ్ళ అమ్మ ఫోన్ నంబర్ రాసుకున్నాను. వచ్చే వారం రాకపోతే వెళ్ళి కనుక్కోవాలి.